మెడల అక్క

ఆసుపత్రిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ మెడల అక్క. సగం జీవితం ఫిజియోథెరపీ విభాగంలో మెడలూ భుజాలూ నడుములూ సరిచేస్తూ గడిపింది. రోగుల మెడల సంగతి సరే, ఆ పేరు తెచ్చిపెట్టింది మాత్రం సర్జరీ నేర్చుకునే ఆడపిల్లల మెడలు.

దానికో కారణం ఉంది. ఆపరేషన్ బల్లను పెద్ద సర్జన్ మోచేతి ఎత్తుకు అమర్చుతారు. ఆ ఆసుపత్రిలో పెద్ద సర్జన్ తాటిచెట్టంత మనిషి. ఆయన మోచెయ్యి ఈ పిల్లలకు దాదాపు చంక దగ్గరికి వస్తుంది. దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు భుజాలు ఎత్తి, ఆ ఎత్తులోనే గంటల తరబడి సన్నపని చేయాలి. మగపిల్లల్లో పొట్టివాళ్ళు లేకపోలేదు. కానీ పొట్టి మగవాడు బల్ల దించమంటే అది బల్ల గొడవ. ఆడపిల్ల దించమంటే అది ఆడపిల్ల గొడవ.

సాయంత్రానికి ఆ పిల్లలు తల ఒక పక్కకు వాల్చుకుని అక్క దగ్గరికి వచ్చేవాళ్ళు. అక్క వాళ్ళను బల్ల మీద బోర్లా పడుకోబెట్టేది. ముఖం పెట్టుకోవడానికి బల్లలో ఒక కన్నం, దాని కింద గచ్చు. తన ముఖం ఎవరికీ కనపడదని తెలిస్తే మనిషి నిజం మాట్లాడతాడు. అక్క బొటనవేలి కింద ముందు కండ వదులయ్యేది, తర్వాత నాలుక. ఎవరు ఎవర్ని ఏమన్నారో, ఎవరు ఏ మెట్ల కింద కూర్చుని ఏడ్చారో, ఎవరు పెళ్ళి చూపులకు కంటికింద నలుపు కనపడకుండా ఏం పూసుకున్నారో, అన్నీ గచ్చుకు చెప్పేవాళ్ళు. అక్క మధ్య మధ్య "ఊ" అనేది. లేచాక, "వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకో తల్లీ" అని పంపేది. మర్నాడు ఎవరి మాటా ఎవరికీ తెలిసేది కాదు.

అలా సాగిపోతే బాగుండేది. కానీ మంచి జరిగే చోటు పెద్దల కంట పడకూడదు. పడితే దానికి ఒక పేరు పెడతారు.

ఒక ఏడాది ఒక అమ్మాయి చదువు మధ్యలో వదిలేసి పోయింది. పేపర్లో పడింది. సూపరింటెండెంటు మీటింగు పెట్టాడు. పిల్లలకు నిద్ర లేదు, తిండి లేదు, బల్ల ఎత్తు ఎక్కువ, బాత్రూముకు తలుపు గడియ లేదు అని తలా ఒకటి చెప్పారు. అవన్నీ చేయాలంటే మనుషులు కావాలి, వడ్రంగి కావాలి. అంతా విని ఆయన, మహిళా సర్జన్ల క్షేమం కోసం ఒక కోచ్‌ను పెడుతున్నామని ప్రకటించాడు. వాళ్ళంతా ఎటూ మెడల అక్క దగ్గరికే పోతున్నారు కాబట్టి ఆవిడనే ఫిజియోథెరపీ నుంచి తప్పించి ఇక్కడ పెట్టారు. కొన్ని ఆదివారాలు ఎక్కడికో పంపి శిక్షణ ఇప్పించారు. అక్కడ ఆవిడకు మూడు సంగతులు నేర్పారు. సలహా చెప్పకూడదు, ప్రశ్న మాత్రమే అడగాలి. ఎదుటి మనిషిని ముట్టుకోకూడదు. గదిలో విన్నది గది దాటకూడదు.

చివరిది ఆవిడకు ముందే తెలుసు. మొదటి రెండూ ఆవిడ బతుకుదెరువుకు నేరుగా అడ్డం.

లిఫ్టు పక్కన దుప్పట్లు దాచే కొట్టు ఖాళీ చేయించి గదిగా మార్చారు. గోడలకు లేతాకుపచ్చ రంగు వేయించారు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బా. లిఫ్టు ఆగినప్పుడల్లా గోడ దడేలుమనేది. లోపల ఎవరైనా ఏడుస్తుంటే ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఆపేసేవాళ్ళు, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. మొదటి రోజు ఇంటికి రాగానే అడిగాడు.

"ఇన్నాళ్ళూ చేత్తో బాగుచేశావు. ఇప్పుడు నోటితో చెయ్యమన్నారా?"

"నోటితో కూడా కాదండీ. అడగాలంతే. చెప్పకూడదు."

"ఇంట్లో జీతం లేకుండా చేస్తున్న పనేగా. ఎక్కడికి పోయారు, ఎందుకు ఆలస్యమైంది, చొక్కా మీద ఆ మరకేంటి."

"మీరు ఒక్కదానికీ జవాబు చెప్పి చావరు. వాళ్ళు చెప్తారు."

"చెప్పాక నువ్వేం చేస్తావు?"

ఆవిడ చెప్పులు విడుస్తూ ఆలోచించింది. "ఇంకోటి అడుగుతాను," అంది.

ఆ గదికి వచ్చేవాళ్ళలో రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి ఉండేది. అందరూ పిట్ట అనేవాళ్ళు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ ఈ పిట్టకు కూత కూడా కొంచెమే. తండ్రి తాళాలు బాగుచేసే మనిషి. తాళంలో పిన్నులు ఎక్కడ తగులుతున్నాయో కళ్ళు మూసుకుని వేలి కొసలతో చూడటం చిన్నప్పుడే నేర్చుకుంది. ఆ వేళ్ళ వల్లే సర్జరీలోకి వచ్చింది. పెద్ద సర్జన్ కూడా ఒకసారి ఆ అమ్మాయి వేసిన కుట్టు చూసి, "ఎవరు వేశారిది?" అని అడిగి, ఎవరో తెలిశాక ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడం ఆ ఆసుపత్రిలో సన్మానం కిందే లెక్క.

మొదటిసారి వచ్చినప్పుడు అక్క శిక్షణలో నేర్పినట్టే మొదలుపెట్టింది.

"ఈ గంటలో నీకేం కావాలి తల్లీ?"

"బోర్లా పడుకోవాలనుందక్కా."

"అది కుదరదు. ఇది వేరే గది."

"ఈ గదిలో ఏం దొరుకుతాయి?"

"ప్రశ్నలు."

పిట్ట నవ్వింది. "అవి మా పెద్దాయన దగ్గర ఊరికే దొరుకుతాయి కదక్కా. తిట్లు కూడా కలిపి ఇస్తాడు."

అలా నవ్వుతూనే కొన్నాళ్ళు వచ్చింది. తర్వాత ఒకరోజు నవ్వకుండా కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చిటికెన వేలినీ ఉంగరం వేలినీ రెండో చేత్తో గిల్లుకుంటోంది.

"ఇవి మొద్దుబారుతున్నాయక్కా," అంది. "ఆపరేషన్ సగానికి వచ్చేసరికి నావి కానట్టు ఉంటున్నాయి. తర్వాత మళ్ళీ వస్తాయి. ఇప్పుడు రావడానికి కూడా ఆలస్యం చేస్తున్నాయి."

"ఎవరికైనా చెప్పావా?"

"మీకు చెప్పాను."

గోడ దడేలుమంది. అక్క చేతులు రెండూ కుర్చీ మీంచి లేచి, మళ్ళీ కుర్చీ మీదికే వచ్చాయి. అది ఎక్కడి నరమో ఆవిడకు తెలుసు. మెడ పక్కన ఎక్కడ వేలు పెట్టి చూడాలో తెలుసు. భుజం దించి పనిచేస్తే నెలలోపే తగ్గుతుందనీ, ఇలాగే ఎత్తి చేస్తే తగ్గకపోవచ్చనీ తెలుసు. ఇవన్నీ తెలిసిన మనిషి నోట్లోంచి ప్రశ్న మాత్రమే రావాలి.

"భుజం దించి చేస్తే ఎలా ఉంటుంది?"

"చెయ్యి బల్లకు అందదు."

"అందాలంటే?"

"నేను పెరగాలి, లేదా బల్ల తగ్గాలి. రెండూ జరిగేవి కావు."

"మూడోది ఏదైనా ఉందా?"

"స్టూలు," అంది పిట్ట. అని తలడ్డంగా ఊపింది. ముందు బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఎక్కి నిలబడటానికి స్టూలు అడిగింది. చదువు పూర్తయి పోయేదాకా మగపిల్లలు ఆ అమ్మాయిని మెట్ల మహారాణి అని పిలిచారు. పేరు సంగతి వదిలేసినా ఇంకో భయం ఉంది. వచ్చే వారం పిత్తాశయం తీసే ఆపరేషన్ పిట్ట సొంతంగా చేయాలి, పెద్దాయన పక్కన నిలబడి చూస్తాడు. అది బాగా చేస్తే కత్తి చేతిలో ఉంటుంది. లేకపోతే జారిపోతుంది. ఏడాది చివర ఎవరు ఉండాలో ఎవరు వేరే విభాగానికి పోవాలో చెప్పేదీ ఆయనే.

"అడగకపోతే ఏమవుతుంది?" అంది అక్క.

"మధ్యలో వేళ్ళు పోతాయి."

"అడిగితే?"

"పేరు పోతుంది."

అని, చిటికెన వేలు ఒకసారి గిల్లి చూసుకుని, "వేళ్ళకంటే పేరు చవకేలెండి," అంది పిట్ట.

సలహాలకు ప్రశ్నల ముసుగు వేసి ఆడించడం అక్కకు అప్పటికి బాగానే అబ్బింది. ఇద్దరూ కలిసి రిహార్సలు కూడా వేశారు. పెద్దాయన ఎత్తు రావాలని అక్క కుర్చీ ఎక్కి నిలబడింది.

"సార్, నాకు స్టూలు కావాలండి."

"బిచ్చమడుగుతున్నట్టుంది."

"సార్, స్టూలు వేయించండి."

"ఇప్పుడు అప్పు వసూలుకు వచ్చినట్టుంది."

"సార్, నేను స్టూలు మీద నిలబడి చేస్తాను."

"ఆ. అది బాగుంది. అలాగే చెయ్యి," అంది అక్క గొంతు బొంగురు చేసి. పిట్ట పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల అంతగా నవ్వడం అక్క చూడటం అదే మొదలు. దిగేటప్పుడు కుర్చీ ఊగితే పిట్టే చెయ్యి పట్టుకుని దించింది. ముట్టుకోకూడదన్న నియమం కోచ్‌కే గానీ వచ్చినవాళ్ళకు కాదు.

ఆపరేషన్ నాడు పిట్ట అనుకున్న మాట అనుకున్నట్టే అంది. పెద్దాయన తల కూడా తిప్పలేదు. "వెయ్యండి," అన్నాడు. స్టూలు వచ్చింది. భుజాలు దిగాయి. మొదటి సగం నల్లేరు మీద బండిలా నడిచింది. వేళ్ళు వేళ్ళలాగే ఉన్నాయి.

అప్పుడు ఒక చోట కొంచెం రక్తం కారింది. పెద్ద విషయం కాదు, రోజూ జరిగేదే. రక్తం కారే చోట కాల్చి మూయడానికి ఒక కరెంటు పరికరం ఉంటుంది. అది చేతిలో ఉంటే చాలదు, కింద నేల మీద ఉన్న పెడల్‌ను కాలితో నొక్కాలి. కొత్త ఆసుపత్రుల్లో మీట చేతిలోనే ఉంటుందంటారు. ఇక్కడ మాత్రం పెడలే. పిట్ట ఇన్నాళ్ళూ నేల మీద నిలబడి చూడకుండానే దాన్ని కాలితో వెతుక్కునేది. ఇప్పుడు నిలబడింది స్టూలు మీద. పెడల్ నేల మీదే ఉండిపోయింది. దాన్ని స్టూలు మీదికి ఎత్తి పెట్టమని ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ తట్టలేదు. పిట్ట కాలు కిందికి చాపింది. గాలిలో ఆడింది. ఇంకొంచెం చాపింది. ఒళ్ళు ఒరిగి, మోచెయ్యి పక్కవాడు పట్టుకున్న కొక్కేనికి తగిలింది. ఆ కొక్కెం కాలేయాన్ని పక్కకు లాగి పట్టినది. కాలేయం అంచు చిరిగింది. ఈసారి కారిన రక్తం కొంచెం కాదు.

పెద్దాయన కేక వేయలేదు. "దిగమ్మా," అన్నాడు. పిట్ట దిగింది. ఆయన ఆ చోట నిలబడి, పావుగంటలో అంతా అదుపులోకి తెచ్చాడు. రోగికి ఏమీ కాలేదు, ఇంటికి మాత్రం రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళాడు.

పిట్ట ఆ బట్టలతోనే వచ్చి ఇదంతా అక్కకు చెప్పింది. చెప్పేటప్పుడు కుడికాలు కుర్చీ కింద ఇంకా దేన్నో వెతుకుతున్నట్టు కదులుతోంది.

"పెడల్ సంగతి నాకు తట్టలేదు తల్లీ," అంది అక్క.

"మీకెలా తడుతుందక్కా, మీరు లోపలికి రారు కదా. నాకు తట్టాలి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని అక్కకు అనిపించింది. అయ్యవారిని చేయబోతే కోతి అయింది, ఆ కోతిని చేసిన చేతులు మాత్రం తనవే.

తర్వాతి రోజుల్లో పిట్ట చేతికి కత్తి రాలేదు. కొక్కేలు పట్టుకుని నిలబడే పని మాత్రం వచ్చింది, అదీ మొదటి ఏడాది పిల్లల పక్కన. స్టూలును మగపిల్లలు పిట్టగూడు అని పిలవడం మొదలుపెట్టారు. పిట్ట మళ్ళీ నేల మీద నిలబడి, భుజాలు ఎత్తి, కొక్కెం పట్టుకుంది. వేళ్ళ సంగతి ఇప్పుడు అక్క అడిగినా, "అలాగే ఉందిలెండి," అని మాట తప్పించేది.

అక్క ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికింది.

"వెళ్ళి పెద్దాయనతో మాట్లాడు," అన్నాడు భర్త.

"గదిలో మాట గది దాటకూడదండీ."

"గదిలో మాట చెప్పకు. నీకు తెలిసింది చెప్పు. మెడల సంగతి నీకు తెలియదా ఏంటి?"

మంచి సలహాలా వినిపించింది. మర్నాడు వెళ్ళింది.

పెద్ద సర్జన్ గదిలో కుర్చీలన్నీ ఎత్తుగా ఉన్నాయి, అక్క పాదాలు నేలకు పూర్తిగా ఆనలేదు. ఆయన మర్యాదగానే లేచి కూర్చోమన్నాడు. "మెడల అక్క కదా మీరు. నా మెడ ఎప్పుడు చూస్తారు?" అని నవ్వాడు. ఆయన తల కూడా ఎడమకు కొంచెం ఒరిగే ఉందని ఆవిడ చూసింది.

"పిట్ట గురించి వచ్చాను సార్. ఆ స్టూలు అడగడం గొప్ప కోసం కాదు."

"గొప్ప కోసమని నేనన్నానా?"

"ఆ రోజు నుంచి చేయనివ్వట్లేదు కదా మీరు."

"కాలు నేల మీద నిలవని మనిషికి కత్తి ఎలా ఇవ్వమంటారు? ఇన్నాళ్ళు నేల మీద నిలబడే చేసింది. బాగా చేసింది. ఇప్పుడు కొత్తగా ఎత్తు ఎందుకు కావలసివచ్చింది? నలుగురూ అడుగుతున్నారని తనూ అడిగింది. మీ గదిలో ఏవేవో నూరిపోస్తున్నారని విన్నాను."

అక్కడ ఆగిపోవాలి. ఆవిడకు అది తెలుసు. కానీ ఆ పిల్ల మీద పడ్డ మాటను ఎలాగైనా తీసేయాలన్న ఆత్రం ముందుకు తోసింది.

"సరదాకు కాదు సార్. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. భుజం ఎత్తి పట్టడం వల్లే. భుజం దిగితే తగ్గిపోతుంది. ఇలాంటివి నేను బోలెడు చూశాను."

ఆయన నవ్వు పోయింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళుగా?"

ఆవిడ నోరు మూసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మూసుకుంది.

"మొద్దుబారిన వేళ్ళతో నా రోగుల్ని ముట్టుకుంటోందా? నాకు చెప్పకుండా?"

"చెబితే తీసేస్తారన్న భయంతో..."

"తీసేయనా మరి? మీ తమ్ముడు ఆ బల్ల మీద ఉంటే, ఆ వేళ్ళతో కోయమని మీరు ఒప్పుకుంటారా? చెప్పండి."

ఆవిడకు తమ్ముడు ఉన్నాడు. ఒప్పుకోదు.

"బల్ల కొంచెం దించితే సార్..." అంది, ఇంకేం అనాలో తెలియక.

"దించితే నా నడుం పోతుంది. నేను రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడతాను. మా గురువు మోకాళ్ళ మీద తన్నేవాడమ్మా మమ్మల్ని. నేను ఒక్కర్ని చెయ్యెత్తి కొట్టలేదు. ఆ పిల్లది మంచి చెయ్యి. అందుకే బాధ." ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. దుర్మార్గుడైతే అక్కకు తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు. "మీరు చెప్పి మంచి పని చేశారు," అన్నాడు చివరికి, లేచి తలుపు దాకా వచ్చి.

వారం తిరక్కుండా పిట్టను నరాల డాక్టరుకు చూపించారు. మెడ దగ్గర నరం నలుగుతోందని, విశ్రాంతి ఇస్తే తగ్గవచ్చని ఆయన అన్నాడు. ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేనన్నాడు. సర్జరీలో సీటు అంతకాలం ఖాళీగా ఉండదు. ఎక్స్‌రేలు, స్కానింగులు చూసే విభాగంలో చోటుంది, కూర్చుని చేసే పని, ఆడపిల్లకు హాయి, అని సూపరింటెండెంటు స్వయంగా పిలిచి చెప్పాడు. పిట్ట సంతకం పెట్టింది. చదువు వదిలేసి పోకుండా ఒకరిని కాపాడగలిగామని ఆయన మీటింగులో అన్నాడు. అక్క పేరు కూడా ఎత్తాడు. ఈసారి అసలు పేరు.

ఆ సాయంత్రం పిట్ట గదికి వచ్చింది. కూర్చోలేదు.

"పెద్దాయనకు ఎవరు చెప్పారక్కా?"

అక్క లేచి నిలబడింది. అబద్ధం ఆడడానికి ఒక్క క్షణం టైము దొరికింది, దాన్ని పోనిచ్చింది. "నేనే."

"నేను చెప్పింది మీ ఒక్కరికే. ఇంకెవరో చూసి కనిపెట్టి ఉంటారేమో అనుకున్నాను. మీరు కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే బాగుండని ఇందాకటి దాకా మెట్ల మీద కూర్చున్నాను."

"నీ మీద మాట పడుతుంటే ఆగలేకపోయాను తల్లీ. నీకోసమే..."

"తెలుసు."

"నేను మళ్ళీ వెళ్తాను. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్తాను. తగ్గాక తిరిగి తీసుకోమని అడుగుతాను. నరం బాగయ్యేదాకా నేనే దగ్గరుండి..."

"వద్దక్కా," అంది పిట్ట. గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "ఇంక ఎక్కడికీ వెళ్ళకండి. నాకోసం ఏమీ చేయకండి. ఏదైనా చేయాలనుంటే అదొక్కటి చేయండి చాలు."

తలుపు వేయకుండానే వెళ్ళిపోయింది. లిఫ్టు వచ్చింది, గోడ మోగింది, లిఫ్టు పోయింది. అక్క చేతులు కదలలేదు. ఆ పిల్ల అడిగింది ఏమీ చేయకపోవడమే కాబట్టి, అదే చేస్తూ నిలబడింది.

గదికి రావడం మిగతా పిల్లలు మానలేదు. మానకూడదు, హాజరు వేస్తారు. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఎదురు కుర్చీలో కూర్చుంటారు. మొదటి ఏడాది పిల్ల, మూడో ఏడాది పిల్ల, ఇంతకుముందు బోర్లా పడుకుని గచ్చుకు తమ బతుకంతా చెప్పుకున్న పిల్లలు. అందరికీ తెలుసు. ఎవరూ ఆ ఊసెత్తరు. ఎవరూ అక్కను ఒక్క మాట అనరు. నవ్వుతారు.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"బాగున్నానక్కా."

"నిద్ర పడుతోందా?"

"బాగా పడుతోందక్కా."

"పనిలో ఏమైనా..."

"అంతా బాగుందక్కా. మీరెలా ఉన్నారు?"

ఒకరోజు వచ్చిన పిల్ల మూడో ఏడాది. కుడిభుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు ఎత్తులో ఉంది. మాట్లాడుతూ తల తిప్పాల్సి వచ్చినప్పుడు తల బదులు నడుం మొత్తం తిప్పుతోంది. అక్క అదంతా చూసింది. ఇంకో ప్రశ్న అడిగింది. పిల్ల నవ్వి, బాగుందంది.